డిపాజిట్‌కి నాలుగు సెకన్లు, విత్‌డ్రాకి నలభై గంటలు: ఒక క్యాసినో యాప్ మీద నా రివ్యూ

యాప్ పేరు రాయను. రాస్తే అదీ ఒక ప్రకటనే అవుతుంది. పైగా మా తమ్ముడి ఫోన్‌లో అది ఎనిమిది నెలల్లో మూడు పేర్లు మార్చుకుంది. రంగు మారింది, బొమ్మ మారింది. లోపల బ్యాలెన్సు మాత్రం పైసా తేడా లేకుండా కొత్త పేరులోకి వచ్చేసింది. ఆ ఒక్క విషయంలో మా బ్యాంకు వాళ్ల యాప్ కంటే ఇదే నయం.

శ్రీకాకుళం పాత బస్టాండ్ దగ్గర నాకు మనీ ట్రాన్స్‌ఫర్ షాపు ఉంది. వేలిముద్ర వేయించి ఉపాధి హామీ డబ్బులివ్వడం, గుజరాత్‌లోని వేరావల్‌లో బోట్ల మీదకి వెళ్లిన కొడుకులు పంపిన డబ్బు ఇక్కడి తల్లుల చేతిలో పెట్టడం, కరెంటు బిల్లులు, రీఛార్జిలు, ఫొటోస్టాట్. పదకొండేళ్లుగా ఇదే పని. ఈ యాప్‌లో నేను ఒక్క రూపాయి కూడా ఆడలేదు. కానీ డబ్బు నా కౌంటరు మీదుగా వెళ్లింది, ఆగిపోయింది నా అకౌంటు, పోగొట్టుకున్నది నా తోడబుట్టినవాడు. రివ్యూ రాయడానికి ఇంతకంటే అర్హత ఏం కావాలో నాకు తెలీదు.

ముందు బాగున్నవి చెప్తాను. డిపాజిట్ అద్భుతం. మీట నొక్కిన నాలుగు సెకన్లలో డబ్బు లోపల కనిపిస్తుంది. రాత్రి రెండున్నరకైనా సరే, ఆదివారమైనా సరే, సర్వర్ డౌన్ అన్న మాటే లేదు. నా షాపులో ఒక ముసలావిడ వేలిముద్ర పడటానికి మూడుసార్లు చెయ్యి కడిగించి, తుడిపించి, మళ్లీ పెట్టించాల్సి వస్తుంది. ఇక్కడ వేలు తాకితే చాలు. తెలుగు కూడా చక్కగా ఉంది, అచ్చుతప్పులు కూడా లేవు. చాట్‌లో ఒకమ్మాయి ‘బ్రో, ఈ రోజు మీ లక్ బాగుంది’ అని రాస్తుంది. ఆవిడ మనిషో యంత్రమో కనిపెట్టలేకపోయాను. జీతాల రోజు మాత్రం తప్పకుండా రాస్తుంది.

తెలిసిన స్టోర్‌లో ఈ యాప్ దొరకదు. టెలిగ్రామ్‌లో ఒక ఏజెంటు లింకు పంపుతాడు, మనం ఫైలు దించుకోవాలి. దాన్ని ‘ఐడీ తీసుకోవడం’ అంటారు. మా తమ్ముడికి ఐడీ ఇప్పించినవాడు వాడితోపాటు పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో పనిచేసే కుర్రాడే. ఒక్కో కొత్త మనిషికి అతనికి కొంత ముడుతుంది. బోనస్ 500 ఇచ్చారు. దాన్ని బయటికి తీయాలంటే పదిహేను సార్లు తిప్పాలట, అంటే 7,500 రూపాయల పందెం కాయాలి. అదీ స్లాట్లలోనే, అంటే మీట నొక్కితే బొమ్మలు తిరిగే ఆటలోనే కాయాలి. ఈ నిబంధన ఎక్కడుందో వెతకడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది.

ఇప్పుడు విత్‌డ్రా. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం అదే.

చాలామంది రివ్యూల్లో ‘గెలిచిన డబ్బు ఇవ్వడం లేదు, మోసం’ అని రాస్తారు. నా ఫిర్యాదు అది కాదు. ఇస్తుంది. అడిగిన తర్వాత ముప్పై ఆరు గంటలో, నలభై గంటలో పడుతుంది, అంతే. ఆ నలభై గంటలూ తెర మీద ‘ప్రాసెసింగ్’ అని చిన్న బూడిదరంగు అక్షరాలు ఉంటాయి. వాటి కింద ఆకుపచ్చ రంగులో పెద్ద మీట: ‘విత్‌డ్రా రద్దు చేసి ఆడండి’. బొటనవేలు సరిగ్గా వాలే చోట పెట్టారు. నొక్కితే డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. దానికి నాలుగు సెకన్లు కూడా అక్కర్లేదు.

మా తమ్ముడి హిస్టరీ మొత్తం షాపులో వాడే పొడుగు నోటుబుక్కులోకి ఎక్కించాను. రెండు ఆదివారాలు పట్టింది. ఫిబ్రవరి 11 నుంచి సెప్టెంబరు 19 దాకా 412 డిపాజిట్లు. వేసింది మొత్తం 3,86,200. చేతికి వచ్చింది 1,71,700. తేడా 2,14,500. విత్‌డ్రా అడిగినవి 71 సార్లు, అందులో వాడే రద్దు చేసుకున్నవి 44. అంటే గెలిచి, ఇక చాలు అనుకుని, తీసుకుందామని మీట నొక్కినవాడు, డబ్బు రావడానికి ఆలస్యం అవుతుంటే మళ్లీ ఆడాడు. నలభై నాలుగు సార్లు. ఆ ఆలస్యం ఊరికే జరిగింది కాదు, కావాలని పెట్టింది.

ఒక్క పేజీ చెప్తాను. ఆగస్టు 7. పొద్దుటి షిఫ్టు దిగి ఇంటికొచ్చి పడుకుని లేచాడు. సాయంత్రం 6:42కి జీతం పడింది, 19,240. రాత్రి 9:10కి 500 వేశాడు. 9:26కి ఇంకో 500. 9:51కి వెయ్యి. పది దాటాక గెలవడం మొదలైంది. 11:38కి బ్యాలెన్సు 14,300. అప్పుడు 14,000 విత్‌డ్రా పెట్టాడు. ఆ రాత్రి మా అమ్మ వాడి గదిలో లైటు ఆర్పడం విన్నదట, పడుకున్నాడనుకుంది. 1:52కి రద్దు. 2:31కి సున్నా. 2:34కి లోన్ యాప్ నుంచి తీసుకున్న 2,000 వేశాడు. 2:49కి అదీ సున్నా. తెల్లవారుజామున 4:45కి కంపెనీ బస్సు. ఎక్కాడు. పని చేశాడు. సాయంత్రం వస్తూ వస్తూ అమ్మకి అరటిపళ్లు తెచ్చాడు.

ఆ నాలుగు టైములూ నా చేతి రాతలో చూస్తుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. వాడు తాగడు. అబద్ధాలాడే రకం కూడా కాదు, అప్పటిదాకా.

నాకెలా తెలిసిందంటే, సెప్టెంబరు మొదటివారంలో షాపుకొచ్చి, ‘అప్పా (మా వైపు అక్కని అలాగే అంటాం), నా అకౌంటు లిమిట్ అయిపోయింది, స్నేహితుడు డబ్బు పంపుతాడు, నీ క్యూఆర్‌కి వేయమననా?’ అన్నాడు. వేయమన్నాను. 18,500 పడింది. పంపినవాడి పేరు చూస్తే మన వైపు పేరు కాదు. అడిగితే ‘కంపెనీలో సూపర్‌వైజర్‌ప్పా’ అన్నాడు. ఈ పనిలో పదకొండేళ్లున్న మనిషిని, నాకు అనుమానం రావాలి. వచ్చింది కూడా. తమ్ముడు కదా అని క్యాషు లెక్కపెట్టి ఇచ్చేశాను.

తొమ్మిదో రోజు నా అకౌంటు ఆగిపోయింది. ఆ 18,500 ఎవరినో మోసం చేసి కొట్టేసిన డబ్బు అట. వేరే రాష్ట్రంలో బాధితుడెవరో సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాడు. డబ్బు ఒక అకౌంటు నుంచి ఇంకో అకౌంటుకి, అక్కడి నుంచి నాకు చేరింది. ఈ యాప్ గెలిచినవాళ్లకి డబ్బు సొంత అకౌంటు నుంచి ఇవ్వదు. అద్దెకు తీసుకున్న అకౌంట్ల నుంచి ఇస్తుంది. నెలకి ఇంతని తీసుకుని ఏటీఎం కార్డు, సిమ్ము అప్పగించేవాళ్ల అకౌంట్లవి. మోసం డబ్బూ, పందెం డబ్బూ ఒకే కాలవలో పారతాయి. మనం గెలిచామనుకున్నది ఇంకో ఊళ్లో ఎవరో ఏడుస్తున్న డబ్బు కావచ్చు.

బ్యాంకుకి వెళితే, ‘మా చేతిలో లేదమ్మా, ఆ స్టేషన్ నుంచి లెటరు తెచ్చుకోండి’ అన్నారు. ఆ స్టేషన్ ఇక్కడికి పదిహేను వందల కిలోమీటర్లు. పదకొండు రోజులు అకౌంటులో ఉన్న 74,000 నేను ముట్టుకోలేకపోయాను. గార వైపు నుంచి వచ్చే ఒక పెద్దావిడ, కొడుకు వేరావల్ నుంచి వేసిన 6,000 కోసం మూడు రోజులు తిరిగింది. మూడో రోజు బల్ల మీద కూర్చుని, ‘నా డబ్బుకేటైందమ్మా?’ అంది. ఏం చెప్పను? మా ఆయన దగ్గర తీసుకుని ఇచ్చాను. తర్వాత 18,500 మాత్రం ఆపి మిగతాది వదిలారు. ఆ 18,500 ఇంకా అలాగే ఉంది. స్టేట్‌మెంటులో రోజూ కనిపిస్తుంది, తీసుకోలేను.

ఇక్కడి దాకా చదివినవాళ్లు అనేది నాకు తెలుసు. మా షాపుకి పేపరు ఫొటోస్టాట్‌కి వచ్చే ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు అదే అన్నారు. ‘అమ్మాయ్, నువ్వు చెప్పినవన్నీ దొంగ యాప్ సమస్యలు. లైసెన్సిస్తే అద్దె అకౌంట్లుండవు, దొంగ డబ్బుండదు, పన్ను వస్తుంది, ఆ పన్నుతో బడులు బాగుపడతాయి. నిషేధం వల్లే కదా మీవాడు దొంగదారి పట్టాడు?’

మంచి ప్రశ్నే. అద్దె అకౌంట్ల సంగతి ఆయన చెప్పినట్టే ఒప్పుకుంటాను. లైసెన్సు ఉంటే నా అకౌంటు ఆగేది కాదు. కానీ నా 18,500 పక్కన పెట్టండి మాస్టారూ, వాడి 2,14,500 సంగతేంటి? అది ఏ మోసం వల్లా పోలేదు. యాప్ ఒక్క రూపాయి దొంగిలించలేదు అనుకుందాం. చక్రం నిజాయితీగానే తిరిగింది అనుకుందాం. అప్పుడూ అది పోయేదే.

ఆయన లెక్కల మాస్టారు కాబట్టి ఆయన ముందే చింతపిక్కలు తెచ్చి కౌంటరు మీద పోశాను. రౌలెట్ అంటే తిరిగే చక్రం మీద అంకె కాసే ఆట. ఆ చక్రంలో సున్నాతో కలిపి 37 గళ్లు. మీ అంకె పడితే వేసిన ఒకటికి 35 లాభం ఇస్తారు, అంటే మీదీ కలిపి 36 చేతికొస్తాయి. సరే, 37 గళ్లలోనూ తలో పిక్క పెట్టాను. ఇక ఓడే వీలే లేదు, ఏ అంకె పడినా నాదే. చక్రం తిరిగింది. 37 పెట్టాను, 36 తీసుకున్నాను. ఒక పిక్క యాప్‌వాడి డబ్బాలో పడింది. మళ్లీ 37 గళ్లూ నింపాలంటే ఒక పిక్క తక్కువ, ఇంట్లోంచి తెచ్చి కలపాలి. మళ్లీ తిప్పితే మళ్లీ ఒకటి డబ్బాలోకి. తమ్ముడు పక్కనే నిలబడి, ‘ఒక్క పిక్కే కదప్పా’ అన్నాడు. అవును, ఒక్క పిక్కే. నూటికి రెండు రూపాయల డెబ్భై పైసలు. కిరాణా కొట్టువాడు కూడా అంతకంటే ఎక్కువే లాభం వేసుకుంటాడు.

తేడా వేగంలో ఉంది. యాప్‌లో గంటకి 120 ఆటలు సులువుగా అవుతాయి. ఆటకి 200 అనుకోండి, గంటకి 24,000 పందెం. చేతిలో మూడు వేలున్నవాడు 24,000 ఎలా కాస్తాడు? గెలిచింది మళ్లీ వేస్తాడు కాబట్టి. అందులో ముప్పై ఏడో వంతు డబ్బాలోకి, అంటే దాదాపు 650. పైడిభీమవరంలో ముక్కుకి మాస్కు కట్టుకుని ఎనిమిది గంటలు నిలబడితే మావాడికి వచ్చేది 740. ఇంట్లోంచి తెచ్చి కలిపిన పిక్కలేమిటో కూడా నోటుబుక్కులో ఉన్నాయి: వాడి చీటీ డబ్బు, లోన్ యాప్‌లో 35,000, అమ్మ గొలుసు కుదువ పెట్టి తెచ్చిన 60,000. గొలుసు సంగతి అమ్మకి నేను చెప్పేదాకా తెలీదు. బీరువాలో ఖాళీ డబ్బా మాత్రం జాగ్రత్తగా ఎక్కడిదక్కడే పెట్టాడు.

లైసెన్సు ఈ లెక్కలో ఏం మారుస్తుంది? 37 గళ్లు 36 అవుతాయా? అయితే ఇక యాపెందుకు నడుపుతాడు?

మాస్టారు కాసేపు పిక్కలు అటూ ఇటూ జరిపి, ‘రమ్మీ వేరు కదా, అది నైపుణ్యం అని కోర్టే చెప్పింది’ అన్నారు. నిజమే. 1967లో సుప్రీంకోర్టు మన రాష్ట్రం కేసులోనే, ఒక క్లబ్బు విషయంలో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని చెప్పింది. అప్పుడు నలుగురు మనుషులు ఒక టేబుల్ చుట్టూ కూర్చుని ఆడేవారు. మావాడి యాప్ కూడా రమ్మీ బొమ్మతోనే పిలిచింది. లోపలికి వెళ్లాక పక్కనే విమానం ఆట, దాని పక్కన స్లాట్లు, దాని పక్కన చక్రం. 412 డిపాజిట్లలో రమ్మీకి ఖర్చు పెట్టింది మొదటి పదకొండే. రమ్మీని గుమ్మం ముందు ముగ్గులా వేసి పెడతారు. లోపల కాపురం వేరే.

మా చిన్నప్పుడు ఊరి జాతరలో గుండాట ఉండేది. ఆరు బొమ్మల గుడ్డ పరిచి, పెట్రోమాక్స్ లైటు పెట్టుకుని కూర్చునేవాడు. మా నాన్న ఓసారి బస్సు ఛార్జీ ఇరవై రూపాయలూ పోగొట్టాడు. మేం పిల్లలం ఇద్దరం పక్కనే చెరుకుముక్క నములుతున్నాం. ఆ గుండాటవాడే మమ్మల్ని చూసి, ‘ఇక చాల్లే బావూ, గుంటలున్నారు, ఇంటికెళ్లు’ అన్నాడు. వాడేం ధర్మాత్ముడు కాదు. మర్నాడు ఊళ్లో వాళ్లు గుడ్డ చింపుతారని భయం. మూడో రాత్రి గుడ్డ మడిచి ఎలాగూ వెళ్లిపోవాలి. మేం నడిచి ఇంటికొచ్చాం, నాన్న దారంతా ఏం మాట్లాడలేదు, అక్కడితో అయిపోయింది. ఈ యాప్‌కి మూడో రాత్రి లేదు. మమ్మల్ని చూసేవాడు లేడు.

ఇప్పుడు నాకు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉన్న సంగతి. మా తమ్ముడి కంటే ముందు ఏడాదిగా ఐడీ కుర్రాళ్లు నా షాపుకి వస్తూనే ఉన్నారు. క్యాషు ఇచ్చి, ఫోన్‌లో ఒక క్యూఆర్ చూపించి, ‘అప్పా, దీనికి వేసీ’ అనేవారు. వెయ్యికి పది నా కమిషను. రోజుకో పేరు మీద క్యూఆర్, ఒకే కుర్రాడు, రాత్రి షాపు మూసే వేళకి. ఏమిటో నాకు తెలీదా? తెలుసు. అడగలేదు. ఆ లెక్క కూడా తీశాను: ఒక్క జులైలో వాళ్ల దగ్గర నాకొచ్చిన కమిషను 2,300. షాపు అద్దెలో సగం. అద్దెలో సగం ఇచ్చేవాడిని ‘బాబూ, నీకిది ఎందుకు?’ అని ఎవరడుగుతారు? నేనైతే అడగలేదు. నా తమ్ముడు ఇంకో షాపులో, ఇంకో అప్ప దగ్గర వేయించుకున్నాడు. ఆవిడా అడగలేదు.

అందుకే పన్ను వస్తుందనే మాట వింటే నాకు భయం. వెయ్యికి పది తీసుకుంటేనే నా నోరు పెగల్లేదు. 2023 అక్టోబరు 1 నుంచి ఆన్‌లైన్ డబ్బు ఆటల్లో వేసిన మొత్తం మీద అప్పట్లో 28 శాతం జీఎస్టీ పెట్టారు. వెయ్యికి 280 వచ్చే కౌంటరులో కూర్చున్నవాళ్లు ఆడేవాళ్లని ఆపుతారని మనం నమ్మాలి. ఆ పన్ను వచ్చాక ఆడేవాళ్లు తగ్గారా? నా కౌంటరు దగ్గరైతే తగ్గలేదు. బోనస్‌లు ఇంకా పెరిగాయి.

లైసెన్సిచ్చిన చోట ఏమైందో కూడా కొంచెం చదివాను, షాపులో మధ్యాహ్నం పూట ఖాళీగానే ఉంటాను కాబట్టి. బ్రిటన్‌లో ఆన్‌లైన్ జూదానికి చట్టం 2005లోనే వచ్చింది, లైసెన్సులు, వాటిని చూసుకునే ప్రత్యేక కమిషన్, అన్నీ ఉన్నాయి. నేను పైన చెప్పిన ఆకుపచ్చ మీట ఉంది చూశారా, విత్‌డ్రా రద్దు? అది అక్కడి లైసెన్సు కంపెనీల్లోనూ ఉండేది. దాన్ని పూర్తిగా తీసేయమని నిబంధన పెట్టింది 2021లో. అన్ని హంగులూ ఉన్న దేశానికి ఒక్క మీట తీయించడానికి పదహారేళ్లు పట్టింది. ఫోన్ నంబర్ మార్చడానికి ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగే మనకి ఎన్నేళ్లు పడుతుందో మీరే లెక్కేసుకోండి.

మన దేశంలోనే గోవా ఉంది. అక్కడ క్యాసినోలకి అనుమతి ఉంది, పడవల్లో నడుస్తాయి, ప్రభుత్వానికి రాబడి. ఆ గోవా ప్రభుత్వమే 2020 ఫిబ్రవరి 1 నుంచి సొంత రాష్ట్రం వాళ్లని క్యాసినోల్లోకి రానివ్వకూడదని ఆంక్ష పెట్టింది. వండి అమ్ముతుంది, తన పిల్లలకి మాత్రం పెట్టదు. గోవా కూర అంత బాగుంటే ఇంట్లో వాళ్లెందుకు తినకూడదు? ఫోన్‌లో క్యాసినో వస్తే అందరూ ఇంట్లో వాళ్లే, ఎవర్ని ఏ గుమ్మం దగ్గర ఆపుతారు?

నిషేధం పనిచేయదు అనేవాళ్లకి మా ఇంటి సంగతే చెప్తాను. మన రాష్ట్రంలో 2020 సెప్టెంబరులో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటి డబ్బు ఆటల్ని నిషేధించారు. తర్వాత రెండేళ్లకి మావాడు ఒక పేరున్న రమ్మీ యాప్ ఎక్కించుకున్నాడట. లొకేషన్ చూసి, మీ రాష్ట్రంలో డబ్బుతో ఆడే వీలు లేదు అంది. వాడి స్నేహితుడొకడు ఇచ్ఛాపురం దాటి బరంపురం వెళ్లి ఆడదామన్నాడట. తీరా చూస్తే ఒడిశాలోనూ కుదరదు. ఇద్దరూ నవ్వుకుని మానేశారు. ఆ చిన్న అడ్డం వాడిని రెండేళ్లకు పైగా కాపాడింది. గోడ దూకే దారి తర్వాత ఎవడో చూపించాడు, నిజం. అంతమాత్రాన గోడే వద్దంటే ఎలా? మా షాపుకి షట్టర్ ఉన్నా ఓసారి దొంగలు పడ్డారు. మర్నాడు షట్టర్ పీకేయలేదు, ఇంకో తాళం వేశాం.

2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ బంద్. నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రచారం చేసేవాళ్లకి రెండేళ్లు, యాభై లక్షలు. బ్యాంకులు ఆ లావాదేవీలు చేయకూడదు. ఆడినవాడికి ఆ చట్టంలో శిక్ష లేదు, అది నాకు నచ్చింది. మన రాష్ట్రం 2020లో చేసినదాంట్లో ఆడినవాళ్లకీ ఆరు నెలల దాకా జైలు పెట్టారు. ఆ భయంతోనే మావాడు పోలీసుల దగ్గరికి పోలేదు, ఏజెంటు కూడా ‘వెళ్తే నువ్వే లోపలికి పోతావు’ అని బెదిరించాడు. కేంద్రం చట్టం వచ్చాక మన క్రికెట్ జట్టు చొక్కా మీద ఫాంటసీ క్రికెట్ ఆటల కంపెనీ పేరు పోయింది. ఆసియా కప్పు మ్యాచ్‌లు చూస్తూ అమ్మ, ‘చొక్కా బోసిగా ఉందేటి?’ అని అడిగింది. తమ్ముడు టీవీ సౌండు పెంచాడు. కంపెనీలు ఈ చట్టం మీద కోర్టులకి వెళ్లాయి, ఆ కేసుల్ని సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది.

ఆ చట్టం సమయంలో కేంద్రం ఒక అంచనా చెప్పింది: ఏటా 45 కోట్ల మంది దాదాపు 20,000 కోట్లు పోగొట్టుకుంటున్నారని. నాకు అంకెలు కనిపిస్తే భాగించే జబ్బు. తలకి 444 రూపాయలు. ‘ఓస్, ఏడాదికి ఒక బిర్యానీ ప్యాకెట్టు, ఒక సినిమా’ అన్నారు మాస్టారు. అదే కదా చిక్కు. మావాడొక్కడే ఎనిమిది నెలల్లో 482 మంది వాటా కట్టాడు. 481 మంది సరదాగా వంద వేసి వదిలేస్తారు. వాళ్లని చూపించి ‘అందరూ బాధ్యతగానే ఆడుతున్నారు’ అంటారు. కంపెనీ అద్దె మాత్రం ఆ 482వ వాడు కడతాడు, వాడికి బంగారు రంగు వీఐపీ బ్యాడ్జి ఇస్తారు. మావాడికి జూన్‌లో ఇచ్చారు. స్క్రీన్‌షాట్ కూడా తీసి పెట్టుకున్నాడు.

ఇప్పుడు వాడి జీతం నా దగ్గరికి వస్తుంది. రోజుకి వంద ఇస్తాను, కోపంగానే తీసుకుంటాడు. ఇరవయ్యారేళ్లవాడికి అప్ప చేతి ఖర్చు అంటే నామోషీ, నాకు తెలుసు. నిద్ర పట్టక ఇబ్బంది పడుతుంటే 14416కి ఫోన్ చేయించాను. అది ప్రభుత్వం పెట్టిన మానసిక ఆరోగ్య నంబరు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. మొదటిసారి రెండు నిమిషాల్లో పెట్టేశాడు. రెండోసారి డాబా మీదకి వెళ్లి నలభై నిమిషాలు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో నేనడగలేదు. గొలుసు విడిపించడానికి ఇంకా 41,000 కావాలి.

స్టార్లు ఇవ్వమంటే: డిపాజిట్‌కి అయిదుకి అయిదు. తెలుగుకి నాలుగు. ఆకుపచ్చ మీట పెట్టిన తెలివికి ఎన్ని ఇవ్వాలో నాకు అంతుబట్టలేదు, ఆ తెలివి ఏ ఆసుపత్రి టోకెన్ యాప్‌కో పెడితే ఎంత బాగుండేది. విత్‌డ్రాకి సున్నా. మొత్తానికి ఒకటి, అదీ ఇక్కడ సున్నా పెట్టడానికి కుదరదు కాబట్టి.

ఇంకో మాట. కమిషను మానేశాను. షాపు అద్దాని మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించాను: ‘ఐడీ డబ్బులు ఇక్కడ వేయము, తీయము’. మొన్న రాత్రి షట్టర్ దించుతుంటే ఒక కుర్రాడొచ్చాడు, మహా అయితే పందొమ్మిదేళ్లుంటాయి, కాలేజీ బ్యాగు భుజాన ఉంది. కాగితం ముందు నిలబడి మొత్తం చదివాడు. చదివి, ఎంతో మర్యాదగా అడిగాడు.

‘మరైతే ఎక్కడేస్తారప్పా?’